గల్లాపెట్టె పక్కన ఇనుప ఊచ

రాజమహేంద్రవరంలో మాకొక బట్టల దుకాణం ఉంది. మా మామగారు, ఆయన తమ్ముడు కలిసి 1978లో చిన్న అద్దె గదిలో, నేలమీద పరుపులు వేసి, వాటిపై తెల్లదుప్పటి పరచి మొదలుపెట్టిన ఆ దుకాణాన్ని ఇప్పుడు మా వారు, మా మరిది, మా తోటికోడలు, నేను కలిసి నడుపుతున్నాం. చీరలు తీసుకోవడానికి వచ్చే పాతకాలపు ఖాతాదారులు, పెళ్ళిళ్ళలో కలిసే బంధువులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటే: ‘ఇంతకాలం అన్నదమ్ములు ఒకే కొట్లో ఎలా ఉండగలిగారమ్మా?’ మా ఇంట్లోవాళ్ళ మంచితనం గురించి ఏదైనా చెబుతానని వాళ్ళు ఎదురుచూస్తారు. మంచితనం ఉన్నమాట నిజమే. కానీ అంతకంటే ఎక్కువ మంచితనం ఉన్న మనుషులు ఇదే దుకాణంలో విడిపోయారని నాకు తెలుసు కాబట్టి, నేను గల్లాపెట్టె పక్కనున్న ఇనుప ఊచను చూపిస్తాను. చెక్కదిమ్మలో నిలబెట్టిన జానెడు ఊచ అది. చీటీలు గుచ్చడానికి మాత్రమే పనికొస్తుంది.

ఆ ఊచ ఎందుకు వచ్చిందో చెప్పాలంటే 1996 నాటి సంగతి చెప్పాలి. అప్పటికి నేను ఈ ఇంటికి కోడలిగా రాలేదు. తర్వాతి రోజుల్లో మామయ్యగారు, అత్తయ్యగారు, మా పెద్ద గుమాస్తాగారు విడివిడిగా చెప్పగా విన్నదే తప్ప కళ్ళారా చూసింది కాదు. మామయ్యగారు, చిన్న మామయ్యగారు పద్దెనిమిదేళ్ళు ఒకే కంచంలో తిన్నట్టు బతికారు. కొనుగోలుకు ఒకరు వెళితే కొట్లో ఒకరు కూర్చునేవారు. ఇంటి ఖర్చు, పిల్లల ఫీజులు, ఆసుపత్రి, అన్నీ గల్లాలోంచే వెళ్ళేవి. ఎవరికి ఎంత అవసరమైతే అంత తీసుకోవడమే కానీ రాసుకోవడం ఉండేది కాదు, ఎందుకంటే అన్నదమ్ముల మధ్య రాత అంటే అనుమానం కిందే లెక్క అని ఆ తరం నమ్మింది. చిన్న మామయ్యగారి అమ్మాయి పెళ్ళికి కూడా అలాగే గల్లాలోంచి, కొంత సరుకు రూపంలో, కొంత తెలిసినవాళ్ళ దగ్గర చేబదులుగా డబ్బు సమకూరింది. ఆ చేబదుళ్ళను ఆ తర్వాత రెండేళ్ళపాటు దుకాణమే తీర్చింది.

మూడో ఏట కొట్టును పెద్దది చేద్దామని లెక్క చూడబోతే, ఆ పెళ్ళికి దుకాణం పెట్టిన సొమ్ము అన్నగారి జ్ఞాపకంలో ఒకలా, తమ్ముడిగారి జ్ఞాపకంలో ఇంకొకలా ఉంది. రెండు అంకెలకీ మధ్య తేడా ఆ రోజుల్లో ఒక చిన్న ఇల్లు వచ్చేంత. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఈ మాట నేను బాగా ఆలోచించి రాస్తున్నాను. ఇచ్చినవాడికి ఇచ్చిన ప్రతిసారీ గుర్తుంటుంది, పుచ్చుకున్నవాడికి తాను తిరిగి కష్టపడిన ప్రతిరోజూ గుర్తుంటుంది. ఇద్దరి జ్ఞాపకాలూ నిజమే, వాటిని పక్కపక్కన పెట్టి చూడటానికి కాగితం మాత్రం లేదు. దానికి తోడు, ఆ దుకాణం ఉమ్మడి కుటుంబపు ఆస్తా, ఇద్దరి భాగస్వామ్యమా అన్నది కూడా ఎక్కడా రాసుకోలేదు. భాగస్వామ్య చట్టం ప్రకారం ఈ రెండూ ఒకటి కావు. ఉమ్మడి కుటుంబంలో పుట్టుకతో వచ్చే హక్కు వేరు, ఒప్పందంతో ఏర్పడే భాగస్వామ్యం వేరు. పెద్దమనుషులు కూర్చున్నప్పుడు ఒకరు ఒక పద్ధతిలో, ఇంకొకరు రెండో పద్ధతిలో వాటాలు లెక్కగట్టారు.

చివరికి పంపకం అయింది. గుమాస్తాగారు చెప్పేవారు: రెండు రాత్రులు తలుపులు వేసుకుని తానులు కొలిచారట. ఆయన గజంబద్ద పట్టుకుని గజాలు చెబుతూ ఉంటే, అన్నగారి కుప్పలోకి ఒక తాను, తమ్ముడిగారి కుప్పలోకి ఒక తాను వేస్తూ వెళ్ళారట. ఒక పట్టుపంచెల తాను బేసిగా మిగిలితే, దాన్ని మధ్యకు చింపమని ఇద్దరిలో ఎవరూ అనలేక, తెల్లవారేదాకా అది పరుపు మీద అలాగే ఉండిపోయిందట. తర్వాత ఆ తాను ఎవరికి చేరిందో నేను అడగలేదు. ఆ తర్వాత ఏడేళ్ళపాటు రెండు కుటుంబాల మధ్య శుభలేఖలు తప్ప రాకపోకలు లేవు.

నేను 2003లో ఈ ఇంటికి వచ్చాను. బీకాం చదివాను కాబట్టి, మధ్యాహ్నం భోజనాల వేళ గల్లాలో కూర్చోమని మామయ్యగారు అడిగారు. మొదటి నెల చివర చిట్టా ప్రకారం ఉండవలసిన నగదుకు, గల్లాలో ఉన్న నగదుకు 11,000 రూపాయల తేడా వచ్చింది. దొంగతనం కాదు. మా వారు పెట్రోలుకు తీసుకున్నారు, అత్తయ్యగారు పాలవాడికి ఇప్పించారు, మామయ్యగారు గుడికి చందా ఇచ్చారు, గుమాస్తాగారు లారీ ఆఫీసులో బేళ్ళు విడిపించడానికి కూలీ ఇచ్చారు. దుకాణం ఖర్చు, ఇంటి ఖర్చు కలగలిసిపోయి, ఏది ఏదో తేల్చడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. అప్పుడు మామయ్యగారితో, ‘ఎవరు ఎంత తీసుకున్నా నేను అడ్డుచెప్పను మామయ్యగారూ, కానీ తీసుకున్న ప్రతిసారీ తేదీ, మొత్తం, ఎందుకో రాసి సంతకం పెట్టిన చీటీ ఒకటి ఉంచితే చాలు’ అన్నాను. కొత్తకోడలు మామగారిని చీటీ అడగడం మా ఇంట్లో చిన్న విషయం కాదు. అత్తయ్యగారి ముఖం మారింది. ఆయన మాత్రం చాలాసేపు మాట్లాడలేదు. మర్నాడు ఉదయం కొట్టు తెరిచి దీపం పెట్టాక, జేబులోంచి ఒక కాగితం ముక్క తీసి, ‘గుడి చందా 500’ అని రాసి, సంతకం చేసి నా చేతికిచ్చి, ‘ఇది గుచ్చడానికి ఒక ఊచ చేయించమ్మా’ అన్నారు. ఆ తర్వాత పోయేదాకా ఆయన ఒక్క రూపాయి కూడా చీటీ లేకుండా తీసుకోలేదు. పెద్దవాడు చేశాడు కాబట్టి మిగిలినవాళ్ళు చేశారు. నేను ఎన్ని వివరణలు ఇచ్చినా అది జరిగేది కాదు.

చిట్టాలో ‘సొంతవాడకాలు’ అని ప్రతి ఒక్కరికీ ఒక పద్దు తెరిచాను. చీటీలన్నీ సాయంత్రం ఆ పద్దుల్లోకి వెళతాయి, నెలాఖరున ఎవరి పద్దు వాళ్ళు చూసుకుని పక్కన సంతకం పెడతారు. ఇందులో గొప్ప గణకశాస్త్రం ఏమీ లేదు. కానీ దీనివల్ల మా ఇంట్లో ఒక మార్పు వచ్చింది: ‘ఎవరు ఎక్కువ వాడుతున్నారు’ అన్న గుసగుస ఆగిపోయింది. తెలియనప్పుడు ఊహిస్తాం, ఊహలో ఎదుటివాడి ఖర్చు ఎప్పుడూ పెద్దదిగానే కనిపిస్తుంది. పుస్తకం తెరిచి చూస్తే, అందరికంటే ఎక్కువ వాడుతున్నది మేమే అని ఒక ఏడాది తేలింది. ఆ ఏడాది మా బాబుకు ఆపరేషన్ అయింది. దాన్ని మా పద్దులోనే రాసి, మా వాటా లాభంలోంచి తగ్గించాను. తగ్గించవద్దని మామయ్యగారు అన్నా నేను ఒప్పుకోలేదు, ఎందుకంటే రేపు మరిదికి అలాంటి అవసరం వచ్చినప్పుడు ‘వాళ్ళకు అలా చేశారు’ అన్న మాట రాకూడదు.

మా మరిది 2009లో ఇంజినీరింగు ఉద్యోగం వదిలి కొట్లోకి వస్తానన్నాడు. మరుసటి ఉదయమే వచ్చి కూర్చోమని చెప్పకుండా ముందు ఒప్పంద పత్రం రాయించాం. ఆడిటరుగారు అప్పుడు చెప్పిన ఒక విషయం నన్ను ఆశ్చర్యపరిచింది. 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, వ్యాపారంలో పాలుపంచుకున్నందుకు భాగస్వామికి జీతం అడిగే హక్కు లేదు, లాభనష్టాలు మాత్రం అందరికీ సమానంగా పంచాలి. అంటే రోజుకు పన్నెండు గంటలు కొట్లో నిలబడే తమ్ముడికి, పండగకు మాత్రమే వచ్చే అన్నకు చట్టం దృష్టిలో తేడా ఉండదు. కుటుంబ వ్యాపారాల్లో రాజుకునే నిప్పు చాలాసార్లు ఇక్కడే ఉందని నా నమ్మకం. పనికి ఇచ్చే ప్రతిఫలం వేరు, పెట్టుబడికి వచ్చే ప్రతిఫలం వేరు అన్న సంగతిని మనం కలిపేస్తాం. కొట్లో పనిచేసినందుకు జీతం, పెట్టిన సొమ్ముకు వడ్డీ, ఇవి పోగా మిగిలిన దాంట్లో వాటా, ఈ మూడూ విడివిడిగా మా పత్రంలో రాసి ఉన్నాయి. మామయ్యగారికి 40 శాతం, ఇద్దరు కొడుకులకు చెరో 30 శాతం. పత్రాన్ని సంస్థల రిజిస్ట్రారు దగ్గర నమోదు చేయించాం. నమోదు కాని సంస్థ, అరువు ఎగ్గొట్టినవాడి మీద కోర్టుకు వెళ్ళలేదని మాకు అంతవరకూ తెలియదు.

అదే పత్రంలో నా జీతం కూడా రాయించమని పట్టుబట్టింది మామయ్యగారే. కోడలు ఇంటి మనిషి కాబట్టి ఆమె శ్రమకు లెక్క అక్కర్లేదన్న ఆలోచన మన వ్యాపార కుటుంబాల్లో ఎంత లోతుగా ఉందో నేను చాలా ఇళ్ళలో చూశాను. తెల్లవారుజామునే లేచి వంట చేసి, పది గంటలకు కొట్టుకొచ్చి, రాత్రి తొమ్మిదికి లెక్కలు కట్టే ఆడవాళ్ళ పేరు ఏ పుస్తకంలోనూ కనిపించదు. కాలం కలిసిరాక భర్త పోతే, ఆ కొట్లో ఆమె ఎవరో తేల్చడానికి ఎవరి దగ్గరా కాగితం ఉండదు. మా తోటికోడలు వచ్చిన మొదటి నెలనుంచే ఆమెకు జీతం ఇచ్చాం. బ్లౌజుల మ్యాచింగు విభాగం ఆమెదే, అందులో ఏ సరుకు తేవాలో ఆమె మాటే ఆఖరిమాట. 2025 ఏప్రిల్ నుంచి భాగస్వాములకు ఏడాదికి 20,000 దాటి ఇచ్చే జీతం, వడ్డీల మీద పది శాతం పన్ను ముందే పట్టుకుని కట్టాలన్న నిబంధన వచ్చినప్పుడు చుట్టుపక్కల కొట్లవాళ్ళు కంగారుపడ్డారు. మాకు అప్పటికే నెలనెలా లెక్క ఉండటంతో ఆ పని సాఫీగా జరిగిపోయింది.

ఇంత చేసినా గొడవలు రాలేదని చెబితే అది నిజం కాదు. 2012 ఆషాఢంలో మా మరిది సూరత్ వెళ్ళి, శ్రావణమాసానికని దాదాపు ఆరు లక్షల నెట్ చీరలు ఒకే దఫాలో కొనుక్కొచ్చాడు. రేటు బాగా పడిందన్నది అతని వాదన. మన గోదావరి జిల్లాల్లో శ్రావణ శుక్రవారానికి నెట్ చీర కట్టుకునేవాళ్ళు ఎంతమంది అన్నది మా వారి వాదన. సరుకు కదలలేదు. ఒకరోజు కొనుగోలుదారులు కూర్చుని ఉండగానే మా వారు, ‘ఈ దండగమారి సరుకు ఎవడు తెమ్మన్నాడు?’ అని తమ్ముడిని గట్టిగా అడిగారు. మరిది ఏమీ అనలేదు. విప్పిన చీరను నాలుగు మడతలు పెట్టి, అంచు అంచుకు కలిపి, చేత్తో నిమిరి అరలో పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. మూడు రోజులు రాలేదు. పెద్ద గుమాస్తాగారు ఆ మూడు రోజులూ తలెత్తి మాట్లాడలేదు. ఇద్దరు యజమానుల మధ్య నిలబడటం ఎంత కష్టమో అంతకుముందు ఒకసారి అనుభవించిన మనిషి ఆయన.

ఆ ఆదివారం మామయ్యగారు ఇద్దరినీ కూర్చోబెట్టి, ఎవరిది తప్పో తేల్చలేదు. ‘సరుకు పోతే మళ్ళీ తెచ్చుకోవచ్చురా. పదిమందిలో తమ్ముణ్ణి అన్న మాటను నువ్వు వెనక్కి తెచ్చుకోగలవా?’ అని మాత్రం అడిగారు. ఆ రాత్రి మూడు విషయాలు రాసుకున్నాం. లక్షన్నర దాటిన కొనుగోలుకు ఇద్దరి సంతకం కావాలి. కొట్లో ఒకరి విభాగంలో ఇంకొకరు ఆజ్ఞలు వేయకూడదు, గుమాస్తాలకు ఒక పనికి ఒకే యజమాని. భేదాభిప్రాయం ఏదైనా ఉంటే మంగళవారం రాత్రి కొట్టు కట్టేశాక, పుస్తకాలు ముందు పెట్టుకుని మాట్లాడుకోవాలి తప్ప, కౌంటరు దగ్గరా భోజనాల దగ్గరా ఆ ప్రస్తావనే రాకూడదు. ఈ మూడింటిలో అన్నింటికంటే కష్టమైనది భోజనాల నియమమే. పొద్దంతా కొట్లో గడిపిన నలుగురు మనుషులు ఇంటికొచ్చి కొట్టు గురించి కాక ఇంకేం మాట్లాడతారు? మొదట్లో మా బల్ల దగ్గర చాలా నిశ్శబ్దంగా ఉండేది. నెమ్మదిగా పిల్లల చదువులు, గోదావరి నీటిమట్టం, ఊళ్ళో సంగతులు వచ్చి చేరాయి. ఆ నెట్ చీరలను చివరికి కొన్న ధర కంటే తక్కువకే వదిలించుకున్నాం. నష్టం ఎవరి పద్దులోనూ రాయలేదు, అది సంస్థ నష్టం. లాభం వచ్చి ఉంటే అందరం పంచుకునేవాళ్ళం కదా.

2016 నవంబరు 8 రాత్రి పెద్దనోట్ల రద్దు ప్రకటన వచ్చినప్పుడు ఈ ఊచ విలువ నాకు మరోసారి తెలిసింది. ఆ రాత్రి గల్లా లెక్కపెడితే చిట్టాలోని నగదు నిల్వతో సరిపోయింది. అత్తయ్యగారు పోపులపెట్టెలో దాచుకున్న సొమ్ము ఆవిడ ఖాతాలోకి, దుకాణం సొమ్ము దుకాణం ఖాతాలోకి వెళ్ళాయి. ఏది ఎవరిదన్న చర్చ మా ఇంట్లో రాలేదు.

పెద్ద పెద్ద కుటుంబాలకు కూడా ఈ అవసరం తప్పదు. ధీరూభాయ్ అంబానీ 2002లో వీలునామా లేకుండా పోయాక, ఆయన ఇద్దరు కొడుకుల మధ్య వివాదం 2005లో తల్లి కల్పించుకుని పంపకం చేసేదాకా దేశమంతా చూసింది. దానికి భిన్నంగా, మన ఉత్తరాంధ్రలోని రాజాం నుంచి వచ్చిన గ్రంధి మల్లికార్జునరావుగారి జీఎంఆర్ కుటుంబం, కొడుకులు, అల్లుడు అందరూ సంస్థల్లో ఉండగానే, సలహాదారుల్ని పెట్టుకుని ‘కుటుంబ రాజ్యాంగం’ ఒకటి రాసుకుంది. మా బట్టలకొట్టుకూ విమానాశ్రయాలు కట్టే సంస్థకూ పోలిక తెచ్చే ఉద్దేశం నాకు లేదు. కానీ ఇబ్బంది రాకముందే, అందరూ ఒకరిమీద ఒకరు ప్రేమగా ఉన్న రోజుల్లోనే రాసుకోవాలన్న విషయంలో కొట్టు పెద్దదైనా చిన్నదైనా తేడా లేదు. మనసులు విరిగాక రాసుకునే కాగితం పంపకం కాగితమే అవుతుంది.

ఇక్కడ మా ఆడపడుచు సంగతి చెప్పాలి, ఎందుకంటే కుటుంబ వ్యాపారాల గురించి మాట్లాడేటప్పుడు ఆడపిల్లల ప్రస్తావన ఎవరూ తేరు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతో హక్కు కల్పించే చట్టం మన ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచే, అంటే దేశమంతటికీ వర్తించే 2005 సవరణకు ఇరవై ఏళ్ళ ముందే అమల్లోకి వచ్చింది. అయితే అప్పటికే పెళ్ళయినవారికి అది వర్తించలేదు. మా దుకాణం మామయ్యగారి స్వార్జితం కాబట్టి దాని లెక్క వేరు. వీలునామా లేకపోతే ఆయన వాటా భార్యకు, కొడుకులకు, కూతురికి సమానంగా చెందుతుంది. ఈ మాట ఆడిటరుగారు చెప్పిన రోజున గదిలో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. కట్నం ఇచ్చి పంపాం కదా అన్న ఆలోచన మాలో కూడా ఉంది, దాచను. మామయ్యగారే తేల్చారు. ఇద్దరు సాక్షుల ఎదుట వీలునామా రాశారు. తన మూలధనంలో కూతురికి సమభాగం ఉంటుంది, ఆమె దుకాణంలో భాగస్వామి కాదు కనుక ఆ మొత్తాన్ని మూడేళ్ళలో వాయిదాల మీద, వడ్డీతో సహా సంస్థ చెల్లించాలి. ఒక భాగస్వామి పోతే సంస్థ రద్దయిపోకుండా కొనసాగాలన్న నిబంధన 2009 పత్రంలోనే ఉంది. అది లేకపోతే చట్టప్రకారం సంస్థ ఆ రోజుతోనే రద్దయ్యేది.

ఆయన 2019లో పోయారు. మరుసటి ఏడాది మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. వేసవి ముహూర్తాల కోసం తెచ్చిన కంచి, ఉప్పాడ చీరలతో అరలన్నీ నిండి ఉండగా తలుపులు మూసేశాం. గుమాస్తాలకు పూర్తి జీతం ఇవ్వాలని, మా నలుగురి జీతాలు సగానికి తగ్గించుకోవాలని మంగళవారం సమావేశంలో అనుకున్నాం. మిగిలింది ఆడపడుచు వాయిదా. ఆమే ఫోన్ చేసి, ‘వదినా, ఇప్పుడేం తొందర లేదు, కొట్టు తెరిచాక చూద్దాం’ అంది. వద్దన్నా ఆగకుండా, ఆమె పేర నగదు అందినంత మేరకు చెల్లించి, మిగిలిన దాన్ని వడ్డీతో సహా బాకీగా చిట్టాలో రాసి, ఆ పేజీ ఫోటో తీసి ఆమెకు పంపాను. నేను చూపించిన మర్యాద అది. 2023 సంక్రాంతికి పుట్టింటికి వచ్చినప్పుడు ఆఖరి వాయిదా అందుకుని, పుస్తకంలో సంతకం పెట్టి, అదే డబ్బుతో మా కొట్లోనే అత్తయ్యగారికి వెంకటగిరి చీర కొంది. దానికి బిల్లు ఇచ్చాను. తీసుకుంది.

ఇప్పుడు మా పిల్లల వంతు వస్తోంది. కొట్లోకి రావాలనుకున్నవాళ్ళు ముందు కనీసం రెండేళ్ళు బయట ఎక్కడైనా ఉద్యోగం చేసి, వేరొకరి కింద జీతం తీసుకుని రావాలని నియమం పెట్టుకున్నాం. అబ్బాయిలకూ అమ్మాయిలకూ ఒకటే నియమం. నా కూతురికి రావాలని ఉంది. చూడాలి.

చిన్న మామయ్యగారి కుటుంబంతో రాకపోకలు 2015 పుష్కరాల నాటికి పూర్తిగా కలిశాయి. అన్నదమ్ములిద్దరూ పుష్కరఘాట్‌లో ఒకరి చేయి ఒకరు పట్టుకుని నీళ్ళలోకి దిగడం మేమందరం ఒడ్డున నిలబడి చూశాం. ఆయన ఇద్దరు కొడుకులూ ఇప్పుడు తాడితోటలో కలిసి హోల్‌సేలు వ్యాపారం చేస్తున్నారు. గత నెల పెద్దబ్బాయి ఫోన్ చేసి, ‘వదినా, మీ ఒప్పంద పత్రం నకలు ఒకటి పంపగలవా, మేమూ రాసుకుందామనుకుంటున్నాం’ అని అడిగాడు. అంకెలు తీసేసి, నిబంధనలన్నీ ఉంచి పంపాను. సాయంత్రం మళ్ళీ ఫోన్ చేసి, ఆ ఊచ ఎక్కడ చేయించారని అడిగాడు.